దాంపత్యంలో స్త్రీ సుఖం: కొల్చారం మల్లినాథుని నుండి ముద్దుపళని వరకు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మన సంఘాలలో పెళ్లికి ముందు వధూవరులకు ఉపదేశమిచ్చే ఆచారం ఉంది. ప్రేమ, విధేయత, పొదుపు, అత్తమామల పట్ల మర్యాద, కుటుంబ ప్రార్థన, పిల్లల పెంపకం – ఇవన్నీ ఆ ఉపదేశంలో వస్తాయి. దాంపత్య సుఖం దగ్గరకు వచ్చేసరికి మాత్రం మాట క్లుప్తమవుతుంది. ఒకవేళ ప్రస్తావించినా అది పురుషుని కోరికను గురించి, దానికి భార్య సహకరించవలసిన బాధ్యతను గురించి మాత్రమే. ఆమెకు సుఖం కలుగుతున్నదా, నొప్పి కలుగుతున్నదా, భయముగా ఉన్నదా అనే ప్రశ్న ఉపదేశకుని నోట రాదు, పెళ్లికూతురి నోట అసలే రాదు. ‘ఇది మన సంస్కృతి కాదు, ఇటువంటివి పెద్దలు మాట్లాడలేదు’ అనే మాట ఈ మౌనానికి సమర్థనగా వినబడుతూ ఉంటుంది.

చరిత్ర ఈ సమర్థనను బలపరచదని మా అభిప్రాయం. పెద్దలు మాట్లాడారు. మెదక్ పట్టణానికి సమీపంలోని కొల్చారానికి చెందినవాడని పండితులు చెప్పే వ్యాఖ్యాత మాట్లాడాడు. తెలుగులో ఒక కవయిత్రి నాలుగు ఆశ్వాసాల కావ్యమే వ్రాసింది. హెబ్రీ ధర్మశాస్త్రం దానిని భర్త చెల్లించవలసిన బాకీగా ఎంచింది. ఈ వ్యాసంలో మేము మూడు ప్రశ్నలను వరుసగా పరిశీలిస్తాము. పురుషునికి వలె స్త్రీకి కూడా సుఖానుభూతి ఉన్నదా? ఆమె సుఖానికి, సౌఖ్యానికి బాధ్యులెవరు? ఆ విషయం చెప్పే అధికారం ఎవరికున్నది? మొదటి రెండు ప్రశ్నలకు ప్రాచీనులు చాలావరకు స్త్రీ పక్షానే జవాబిచ్చారు. చిక్కంతా మూడవ ప్రశ్న దగ్గరే వచ్చింది.

1. శాస్త్రకారుల వాదన

వాత్స్యాయనుని కామసూత్రాలను ఆసనాల పుస్తకంగా చూడడం నేటి అలవాటు. దాని రెండవ అధికరణం మొదటి అధ్యాయంలో ఒక తాత్త్విక చర్చ ఉన్నది. పురుషునికి కలిగే తృప్తి వంటిది స్త్రీకి కలుగుతుందా అన్నది అక్కడి ప్రశ్న. ఔద్దాలకి, అనగా శ్వేతకేతువు, కలగదన్నాడు. ఆయన చూపిన కారణం గమనించదగినది: పురుషుడు తన తృప్తి తీరగానే స్త్రీ కోసం చూడకుండా తనంతట తాను ఆగిపోతాడు, స్త్రీ అలా ఆగదు, కనుక ఆమెకు ఆ ముగింపు లేదని ఆయన తర్కం. బాభ్రవ్యుని అనుయాయులు దీనిని ఒప్పుకోలేదు. స్త్రీకి మొదటినుండి చివరివరకు సుఖం ఉంటుందని వారి వాదం. త్వరగా విరమించే పురుషుని పట్ల స్త్రీకి అయిష్టం, నిదానించే వాని పట్ల ఇష్టం కలగడం కూడా ఈ చర్చలో సాక్ష్యంగా వచ్చింది.

వాత్స్యాయనుడు చివరకు తేల్చినది ఇది. స్త్రీపురుషులు ఒకే జాతివారు, ఒకే ప్రయోజనం కోసం కలిసినవారు. వారి పాత్రలలో భేదముంటే ఉండవచ్చును గాని ఫలంలో భేదం ఉండడానికి కారణం లేదు. కాబట్టి స్త్రీకి ముందుగా తృప్తి కలిగేటట్లు పురుషుడు నడుచుకోవాలి. ఇక్కడ సిద్ధాంతం నుండి నేరుగా బాధ్యత పుట్టింది. మూడవ అధికరణంలో నవవధువును గురించిన అధ్యాయం దీనినే విస్తరిస్తుంది. మొదటి మూడు రాత్రులు దంపతులు నేలమీద పడుకొని బ్రహ్మచర్యం పాటించాలి. తర్వాత కూడా మృదువుగా, మాటలతో, ఆమె నమ్మకం సంపాదించుకుంటూ దగ్గర కావాలి. నమ్మకం కుదరకముందే బలవంతం చేస్తే ఆమెకు ఆ కలయిక మీదే ద్వేషం పుడుతుందని ఆయన హెచ్చరించాడు.

ఈ గ్రంథాన్ని ఆదర్శంగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. అది నగరంలోని సంపన్న పురుషుని దృష్టితో వ్రాసినది. బలాత్కారంతో, మోసంతో జరిగే వివాహాలను కూడా ఉపాయాల జాబితాలో చేర్చినది. ఇంకొక లోపం కూడా ఉన్నది. స్త్రీ సుఖాన్ని గురించి అంత నిశితంగా జరిగిన ఆ వాదనలో వాదించిన ఆచార్యులందరూ పురుషులే. ఆమె అనుభవాన్ని ఆమె ప్రవర్తన నుండి ఊహించారు గాని ఆమెను సాక్షిగా పిలువలేదు. అయితే స్త్రీలు కూడా ఈ శాస్త్రం నేర్చుకోవాలని వాత్స్యాయనుడు మొదటి అధికరణంలోనే చెప్పాడు. ఎవరి వద్ద నేర్చుకోవాలో కూడా చెప్పాడు: కలిసి పెరిగిన దాది కూతురు, నమ్మకమైన స్నేహితురాలు, ఈడుకు తగిన పినతల్లి, విశ్వాసపాత్రురాలైన ముసలి దాసి. అనుభవమున్న స్త్రీ అనుభవం లేని స్త్రీకి చెప్పాలన్నది ఈ జాబితాలోని భావం.

2. కొల్చారం వ్యాఖ్యాత

మెదక్ అనగానే 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన మహాదేవాలయం జ్ఞప్తికి వస్తుంది. దానికంటే సుమారు ఐదు శతాబ్దాల ముందు ఈ ప్రాంతం పేరును దేశమంతటా మోసినవాడు కోలాచల మల్లినాథసూరి. ఆయన ఇంటిపేరు కొల్చారం నుండి వచ్చినదని పండితుల నిర్ణయం. కాళిదాసును, భారవిని, మాఘుని, శ్రీహర్షుని చదివే విద్యార్థులు ఈనాటికీ ఆయన వ్యాఖ్యల చేయి పట్టుకొనే నడుస్తారు.

మన విషయానికి సంబంధించినది కుమారసంభవం ఎనిమిదవ సర్గ. పార్వతీపరమేశ్వరుల వివాహానంతర దాంపత్యమే అందులోని వస్తువు. ఆ సర్గ ఆరంభంలో పార్వతి బెరుకుతో ఉన్న కొత్త పెళ్లికూతురు. పిలిస్తే పలకదు, కొంగు పట్టుకుంటే తప్పించుకోజూస్తుంది, పక్కమీద ముఖం అటు తిప్పుకుంటుంది. చెలికత్తెలు నేర్పిపంపిన ధైర్యవచనాలన్నీ భర్త ఎదుట నిలబడగానే మరచిపోతుంది. సిగ్గుతో ఆయన రెండు కళ్లూ చేతులతో మూసినా మూడవ కన్ను తెరిచే ఉంటుంది. శివుడు తొందరపడడు. రోజులు గడిచే కొద్దీ భయం తగ్గి, చనువు పెరిగి, ఆమె కూడా సమానంగా స్పందించే స్థితికి కవి మనలను తీసుకువెళతాడు. చివరకు నూట యాభై ఋతువులు ఒక్క రాత్రివలె గడిచిపోయినవంటాడు. అంటే పాతికేళ్లు. సుఖం ఒక్క రాత్రిలో సాధించేది కాదు, కాలంతో పాటు నేర్చుకొనేది అన్న ఎరుక ఈ నడకలో ఉన్నది.

ఈ సర్గ ఆలంకారికులను ఇబ్బంది పెట్టింది. తొమ్మిదవ శతాబ్దంలో ఆనందవర్ధనుడు దేవతల శృంగారాన్ని ఇలా వర్ణించడం అనుచితమేనని, మహాకవి ప్రతిభ వలన ఆ దోషం మరుగుపడిందని అన్నాడు. పదకొండవ శతాబ్దంలో మమ్మటుడు ఇంకా కఠినంగా, ఇది తల్లిదండ్రుల శృంగారాన్ని వర్ణించినట్లున్నదని ఆక్షేపించాడు. ఈ ఆక్షేపణలు తెలిసిన పండితలోకంలో కూర్చొని కూడా మల్లినాథుడు ఎనిమిదవ సర్గను విడిచిపెట్టలేదు. తన సంజీవని వ్యాఖ్యను దానిపై కూడా వ్రాశాడు. ఆయన వ్యాఖ్య ఎనిమిదవ సర్గ వరకే ఉండడం, తరువాతి సర్గలు కాళిదాసువి కావనడానికి విమర్శకులు చూపే ఆధారాలలో ఒకటి. అవసరమైనచోట వ్యాకరణాన్ని, కోశాలను ఉదాహరించినట్లే రతిరహస్యం వంటి కామశాస్త్ర గ్రంథాలను కూడా ఉదాహరించడం ఆయన వ్యాఖ్యాన పద్ధతి. ఆయనకు అది కూడా ఒక శాస్త్రమే. నవోఢ భయాన్ని, ఆమె స్పందనను అర్థం చేసుకోవడం పాండిత్యంలో భాగమే గాని పాండిత్యానికి మచ్చ కాదు.

అయినా ఇక్కడ కూడా మాట్లాడినవారు పురుషులే. పార్వతి సిగ్గును కాళిదాసు చెప్పాడు, కాళిదాసును మల్లినాథుడు చెప్పాడు. పదిహేడవ శతాబ్దంలో క్షేత్రయ్య పదాలలో నాయిక నోరు విప్పి తన కోరికను, అసంతృప్తిని, కోపాన్ని చెప్పింది. కాని ఆ గొంతు వెనుక ఉన్నది కూడా పురుషుడే.

3. ముద్దుపళని కావ్యం

పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజైన ప్రతాపసింహుని (1739–63) ఆస్థానంలో ముద్దుపళని ఉండేది. దేవదాసీ కుటుంబంలో పుట్టి, సంగీతసాహిత్యాలలో ఆరితేరిన విదుషి. ఆండాళ్ తిరుప్పావైని తెలుగు చేసినదీ ఆమెయే. ఆమె రచించిన ‘రాధికా సాంత్వనము’నకు ‘ఇళాదేవీయము’ అని మరొక పేరు. 584 పద్యాలు, నాలుగు ఆశ్వాసాలు. అవతారికలో ఆమె తన కుటుంబంలోని స్త్రీలను, వారి విద్యను గర్వంగా చెప్పుకుంది. కృతిని ఏ ప్రభువుకూ ఇవ్వక కృష్ణునికి అంకితం చేసింది.

కథ చిన్నది. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునికిచ్చి పెళ్లి చేస్తుంది. అనుభవమున్న స్త్రీగా ఇళకు ఏమి జరుగుతుందో, ఎలా స్పందించాలో చెబుతుంది. తర్వాత కృష్ణునివైపు తిరిగి, ఇది లేతవయసు పిల్ల, మృదువుగా నడుచుకోమని బోధిస్తుంది. వారిద్దరినీ కలిపిన తర్వాత తన విరహం, అసూయ, కోపం ఆమెను దహిస్తాయి. చివరకు కృష్ణుడు వచ్చి ఆమెను అనునయిస్తాడు. ఆ అనునయమే సాంత్వనము.

ఈ కథలో వాత్స్యాయనుని జాబితాలోని ఆ పెద్ద స్త్రీ సజీవంగా కనిపిస్తుంది. ఆమె వధువుకు మాత్రమే పాఠం చెప్పి ఊరుకోలేదు, వరునికీ చెప్పింది. మన ఇళ్లలో అమ్మమ్మలు, మేనత్తలు శోభనపు గదికి పంపేముందు పిల్లకు చెప్పేది ‘సర్దుకుపో’ అన్న ఒక్క ముక్క. వరుని పిలిచి ‘నిదానించు’ అని చెప్పేవారు అరుదు. రెండవది, కావ్యం ముగియవలసింది నాయకుని విజయంతో కాదు, నాయిక ఊరటతో. ఆమె శాంతించేదాకా కథ పూర్తికాదు. యౌవనం దాటుతున్న స్త్రీకి కూడా కోరిక ఉంటుందని, అది నవ్వులాటకు వస్తువు కాదని ముద్దుపళని గంభీరంగా పట్టించుకుంది.

4. అచ్చు, నిషేధం, పునర్ముద్రణ

ఈ కావ్యం మొదట 1887లో అచ్చయింది. అందులో కొన్ని పద్యాలు, అవతారిక లేవు. బెంగళూరు నాగరత్నమ్మ (1878–1952) వ్రాతప్రతిని సంపాదించి, పోల్చి, పూర్తి పాఠాన్ని సిద్ధం చేసింది. వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ దానిని 1910లో మద్రాసులో ప్రచురించారు. నాగరత్నమ్మ కూడా దేవదాసీ కుటుంబానికి చెందిన విదుషీమణియే.

అంతకుముందే కందుకూరి వీరేశలింగం పంతులు తన ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళనిని తీవ్రంగా నిందించారు. స్త్రీలు వినరాని విషయాలు స్త్రీ నోట వచ్చాయన్నది ఆయన ఆక్షేపణ సారాంశం. నాగరత్నమ్మ తన పీఠికలో దానికి బదులు చెప్పింది. సిగ్గు, మర్యాద అనేవి స్త్రీ కవులకేనా, పురుష కవులకు వర్తించవా అని అడిగింది. అటువంటి శృంగారమే ఉన్న వైజయంతీవిలాసాన్ని పంతులుగారే పరిశీలించి ప్రచురణకు సమ్మతించిన సంగతిని ఎత్తిచూపింది.

వీరేశలింగంగారిని ఇక్కడ స్త్రీద్వేషిగా చిత్రించడం న్యాయం కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించిన వారాయన. బాల్యవివాహాలకు వ్యతిరేకంగా జీవితమంతా పోరాడారు. ఆ పోరాటం ఎంత అవసరమో 1889లో కలకత్తాలో తేలింది. సుమారు పదకొండేళ్ల ఫూల్మణి దాసి భర్తతో కలయిక వల్ల మరణించింది. దాని తర్వాతనే 1891లో సమ్మతి వయసును పదినుండి పన్నెండేళ్లకు పెంచుతూ చట్టం వచ్చింది. స్త్రీ శరీరాన్ని బాధనుండి కాపాడాలని సంస్కర్తలు గట్టిగా అడిగారు. అదే శరీరానికి సుఖం ఉన్నదని ఒక స్త్రీ చెబితే మాత్రం సహించలేకపోయారు. సంస్కర్తల దృష్టిలో స్త్రీ కాపాడవలసిన వ్యక్తి, మాట్లాడవలసిన వ్యక్తి కాదు. ఆ కాలపు ఇంగ్లండులో కూడా ఇదే గాలి. విలియం యాక్టన్ అనే వైద్యుడు 1857లో ప్రచురించిన గ్రంథంలో అధికసంఖ్యాకులైన స్త్రీలను అటువంటి కోరిక పెద్దగా బాధించదని వ్రాసి ఎంతో పేరు పొందాడు.

1911లో మద్రాసు పోలీసులు రాధికా సాంత్వనము ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. ప్రభుత్వ అనువాదకుడు అభ్యంతరకరమన్న పద్యాలను గుర్తించి ఇచ్చాడు. ఈ కొలతతో చూస్తే తెలుగు ప్రబంధాలెన్నో నిలవవని పండితులు విన్నవించుకున్నా ఫలితం లేకపోయింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న 1946–47 కాలంలో గాని నిషేధం తొలగలేదు. 1952లో, నాగరత్నమ్మ కన్నుమూసిన సంవత్సరంలోనే, వావిళ్ల వారు పుస్తకాన్ని తిరిగి ముద్రించారు. పురుషులు వ్రాసిన శృంగార ప్రబంధాలను కళాశాలల్లో పాఠ్యాలుగా చదువుకున్న ఆ ముప్పై అయిదేళ్లూ ఒక స్త్రీ వ్రాసిన కావ్యం నిషేధంలోనే ఉన్నది. మళ్లీ 1993లో ఓల్గా సంపాదకత్వంలో ‘నీలి మేఘాలు’ స్త్రీవాద కవితా సంకలనం వెలువడిన కాలంలో, ఆ కవయిత్రుల మీద వచ్చిన అశ్లీలత ఆరోపణ కొత్తది కాదు. అది 1911 నాటి ఫిర్యాదే.

5. హెబ్రీ లేఖనాల సాక్ష్యం

ఇప్పుడు మన లేఖనాలవైపు చూద్దాం. నిర్గమకాండము 21:10 భార్యకు తగ్గించకూడని మూడింటిని పేర్కొంటుంది: ఆహారము, వస్త్రము, ‘ఓనా’. ఈ మూడవదానిని తెలుగు బైబిలు సంసారధర్మమని అనువదించింది. ఆ వచన సందర్భం దాసిగా కొనబడి భార్యయైన స్త్రీని గూర్చినది. అందరికంటె తక్కువ అధికారమున్న స్త్రీకే ఈ హక్కు ఉన్నప్పుడు మిగిలిన భార్యలకు ఉండకుండునా అని యూదు బోధకులు దానిని విస్తరించారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చబడిన మిష్నా, కెతుబోత్ భాగంలో, భర్త వృత్తినిబట్టి ఈ బాకీకి గడువులు కూడా నిర్ణయించింది. పని లేనివారు ప్రతిదినము, కూలివారు వారానికి రెండుసార్లు, గాడిదలు తోలేవారు వారానికొకసారి, ఒంటెలు తోలేవారు ముప్పై దినాలకొకసారి, నావికులు ఆరు నెలలకొకసారి. చెల్లించవలసినవాడు భర్త, పొందవలసినది భార్య అన్న దిశ ఇక్కడ ముఖ్యం. ద్వితీయోపదేశకాండము 24:5 కొత్తగా పెళ్లయినవానికి ఒక సంవత్సరం యుద్ధసేవ నుండి మినహాయింపు ఇస్తుంది. కారణం భార్యను సంతోషపెట్టడమే. ఆదికాండము 18లో వృద్ధురాలైన శారా తనలో నవ్వుకుంటూ అడిగినది సుఖమును గురించి. అక్కడి హెబ్రీ మాట ‘ఎద్నా’ ఏదెను తోట పేరుకు దగ్గరి మాట. మొదటి కొరింథీయులకు 7:3–5లో పౌలు ఈ ధర్మాన్ని ఉభయులకూ సమానంగా వర్తింపజేశాడు. భార్య శరీరంపై భర్తకున్నంత అధికారమే భర్త శరీరంపై భార్యకున్నది. సగం వచనాన్ని మాత్రమే వినిపించే ఉపదేశం పౌలు ఉపదేశం కాదు.

పరమగీతములో మొదటి మాట, చివరి మాట స్త్రీవే. ఎక్కువ మాటలు కూడా ఆమెవే. రబ్బీ అకీబా దానిని లేఖనాలలో అతిపరిశుద్ధమైనదిగా ఎంచాడు. క్రైస్తవ వ్యాఖ్యాన సంప్రదాయం దానిని గౌరవించింది, కాని వేరొక మార్గంలో. మూడవ శతాబ్దంలో ఓరిగెను ఆ స్త్రీని సంఘముగా, ఆత్మగా చదివాడు. పన్నెండవ శతాబ్దంలో క్లేర్వోకు చెందిన బెర్నార్డు 86 ప్రసంగాలు వ్రాసి కూడా మూడవ అధ్యాయం ఆరంభం దాటలేదు. ఆ వ్యాఖ్యానాల భక్తిని మేము కాదనము. అయితే ఆ ఔన్నత్యంలో నిజమైన స్త్రీ గొంతు వినబడకుండా పోయింది. 1978లో ఫిలిస్ ట్రిబుల్ వంటి పండితురాండ్రు ఆ గొంతును తిరిగి వినిపించారు. పరమగీతము 5:7లో ప్రియుని వెదకుతూ బయలుదేరిన స్త్రీని పట్టణపు కావలివారు కొట్టి, పైవస్త్రాన్ని లాగుకొంటారు. లేఖనం ఆ దెబ్బను దాచలేదు, ఆమె మాటను కూడా ఆపలేదు. 1911లో మద్రాసు కావలివారు చేసినదానితో ఈ వచనాన్ని పక్కపక్కన పెట్టి చదవడం మనకు మేలు చేస్తుంది.

6. వైద్యశాస్త్రం చెప్పినది

గాలెను కాలం నుండి ఐరోపా వైద్యులు గర్భధారణకు స్త్రీ తృప్తి కూడా అవసరమని నమ్మారు. ఆ నమ్మకం ఆమె సుఖానికి విలువనిచ్చింది గాని, బలాత్కారం వలన గర్భవతియైన స్త్రీని అబద్ధికురాలిగా చేసే ప్రమాదాన్ని కూడా తెచ్చింది. ఇరవయ్యవ శతాబ్దంలో గాని స్త్రీలనే నేరుగా అడగడం మొదలు కాలేదు. 1953లో కిన్సీ నివేదిక వేలాది స్త్రీలతో ముఖాముఖి మాట్లాడి వ్రాసినది. 1966లో మాస్టర్స్, జాన్సన్‌లు శరీర స్పందనను నాలుగు దశలుగా వివరించారు. 1998లో హెలెన్ ఓకానల్ అనే ఆస్ట్రేలియా వైద్యురాలు, స్త్రీ సుఖానికి కేంద్రమైన అవయవం పాఠ్యగ్రంథాలు చూపినదానికంటే చాలా పెద్దదని, దానిలో ఎక్కువభాగం లోపల ఉంటుందని శాస్త్రీయంగా నిరూపించారు. 2000లో రోజ్‌మేరీ బాసన్, దీర్ఘకాల దాంపత్యంలో చాలామంది స్త్రీలకు కోరిక ముందు పుట్టి స్పందన తర్వాత రాదని, ఆత్మీయత, భద్రత ఉన్నచోట స్పందనతో పాటే కోరిక మేల్కొంటుందని వివరించారు. తెలుగులో డాక్టర్ జి. సమరం దశాబ్దాలుగా పత్రికా శీర్షికల ద్వారా ఇటువంటి విషయాలను సామాన్య పాఠకుల భాషలో చెప్పారు.

ప్రాచీనులకు ఆధునిక శాస్త్రమంతా తెలుసునని మేము అనము. నమ్మకం, నిదానం, ఆమె ఇష్టం లేనిదే సుఖం లేదన్న ఒక్క అంశంలో మాత్రం కుమారసంభవపు వ్యాఖ్యాతా, తంజావూరు కవయిత్రీ, నేటి వైద్యులూ ఒకే వైపు నిలుస్తారు. కలయికలో నొప్పి స్త్రీ భరించవలసిన విధి కాదు. ఎక్కువ సందర్భాలలో కారణం కనిపెట్టదగినదే, చికిత్స ఉన్నదే.

ముగింపు

ఈ పరిశీలన పుస్తకాలతో ముగిసేది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా పద్దెనిమిదేళ్లు దాటిన భార్య విషయంలో భర్త బలాత్కారాన్ని అత్యాచారపు నిర్వచనం నుండి మినహాయించింది. చట్టం ఇంకా అడగని ప్రశ్నను సంఘం అడగవచ్చును.

మొదటి ప్రశ్నకు, స్త్రీకి సుఖమున్నదా అన్నదానికి, జవాబు ఎప్పుడో దొరికింది. రెండవదానికి, బాధ్యులెవరన్నదానికి, వాత్స్యాయనుడూ మిష్నా కూడా భర్తనే చూపారు. మిగిలినది మూడవది. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో మెదక్ ప్రాంతంలో బైబిలు స్త్రీలు పురుషులు అడుగుపెట్టలేని లోగిళ్లకు వెళ్లి, స్త్రీలతో స్త్రీలుగా మాట్లాడారు. ఆ పరిచర్య నమూనా మన చేతిలోనే ఉన్నది. వివాహపూర్వ ఉపదేశంలో కాపరితో పాటు అనుభవజ్ఞురాలైన ఒక స్త్రీ, వీలైతే ఒక వైద్యురాలు కూర్చోవాలి. వధువుతో విడిగా మాట్లాడాలి, వరునితో కూడా విడిగా మాట్లాడాలి. ఆమెకు ‘కాదు’ అనే హక్కు ఉన్నదని ఇద్దరికీ చెప్పాలి. ‘ఔను’ అని సంతోషంతో అనే హక్కు కూడా ఉన్నదని చెప్పాలి. ఇళకు మాత్రమే కాక కృష్ణునికి కూడా పాఠం చెప్పిన రాధ చేసిన పని ఇదే. దానిని మన సంఘాలలో ఎవరు చేయాలో నిర్ణయించుకోవలసిన బాధ్యత మనది.